మన జిల్లా మనుషుల మీద చిన్న డాక్యుమెంటరీ: ఏం తీయాలి, ఎవర్ని అడిగి తీయాలి?

పెన్నాగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది కోవూరు దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక నెల్లూరులో పెళ్ళి వీడియోల ఎడిటింగ్ చేస్తున్నా. ముహూర్తాలు లేని రోజుల్లో ఇద్దరు స్నేహితులతో కలిసి పదిహేను నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి తీయాలని ఉంది. మనం ఎవరం, ఎక్కడి వాళ్ళం, ఎవరితో కలిసి బతుకుతున్నాం, ఇదీ విషయం. మనసులో మూడు ఆలోచనలు ఉన్నాయి.

ఒకటి నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ. రెండు, మా ఊరి పక్క యానాదుల కాలనీ. వరికోతలు అయ్యాక వాళ్ళు పొలాల్లో ఎలుకల బొరియలు తవ్వడం, కుండలో గడ్డి వేసి పొగ ఊదడం కెమెరాలో అద్భుతంగా ఉంటుంది. ఆ కాలనీలో ఒక పెద్దాయన నాకు బాగా తెలుసు కూడా. మూడు, కందుకూరు. ఊరు అక్కడే ఉంది, జిల్లా మారింది, దాని మీద ఏదో చేయొచ్చనిపిస్తోంది.

ఫోను, అది వణకకుండా పట్టే గింబల్, రెండు కాలర్ మైకులు ఉన్నాయి. డబ్బు లేదు. ఏది తీయమంటారు? ఏదైనా ఫెస్టివల్‌కు పంపాలని ఆశ.

కొత్తపట్నం గాలి

తమ్ముడూ, రొట్టెల పండుగను అందరూ తీసినట్టు తీసేట్టయితే వదిలెయ్. స్వర్ణాల చెరువు మీద డ్రోన్, నీళ్ళలో తలమీద కొంగులతో ఆడవాళ్ళు, వెనకాల గంభీరమైన గొంతుతో "మతసామరస్యానికి ప్రతీక", అయిపోయె. 2015లో రాష్ట్ర పండుగగా ప్రకటించాక ప్రభుత్వం వాళ్ళ వీడియోలు కూడా తోడయ్యాయి. నీ గింబల్‌తో వాళ్ళ క్రేన్లకు పోటీ పడలేవు.

తీయాలనే ఉంటే ఒక్క రొట్టె పట్టుకో. కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరితే మళ్ళీ మొహర్రంలో వచ్చి ఇంకొకరికి ఇస్తారు. అంటే ఆ కథకు ఏడాది పడుతుంది. పోయినేడు ఉద్యోగం రొట్టె తీసుకున్నవాడు ఈ ఏడు ఇవ్వడానికి వచ్చాడా? ఉద్యోగం రాకపోతే మళ్ళీ అదే రొట్టె కోసం వచ్చాడా, మానేశాడా? టీవీల్లో ఇచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళే కనపడతారు, రానివాడు కనపడడు. నేనైతే ఆ రానివాడిని వెతుకుతా.

దర్గామిట్ట అమ్మాయి

మా ఇల్లు బారాషహీద్ దర్గాకు దగ్గర్లోనే. పండుగ రోజుల్లో మా వీధిలోకి బండి రాదు, ఇంటినిండా చుట్టాలు. కెమెరాలూ అంతే. ప్రతి ఏడూ ఎవరో ఒకరు మైకు పెట్టి నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "హిందువులు మీ దర్గాకు రావడం మీకెలా అనిపిస్తుంది?" ఏమనిపిస్తుంది? పక్కింటి ఆంటీ చిన్నప్పటి నుంచీ వస్తోంది. ఆమె రాకపోతే ఏమైనా అనిపించేదేమో.

ఆ ప్రశ్నలో ఆమె అతిథి, నేను ఇంటిదాన్ని. అదే మైకు ఆంటీ దగ్గరకు పోయి "ముస్లింల దర్గాకు ఎందుకొచ్చారు" అంటుంది. ఇద్దరం ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటాం. ఆ కుళాయి దగ్గర కొట్లాట తీయండి ఎవరైనా, నేను ఉచితంగా నటిస్తా 😄

కొత్తపట్నం గాలి గారి మాట నచ్చింది. కానీ రొట్టె తీసుకున్నవాళ్ళని ఏడాది పాటు వెంబడిస్తే కోరిక తీరలేదని వాళ్ళు అందరి ముందూ ఒప్పుకోవాల్సి వస్తుంది. సంతానం రొట్టె తీసుకున్న ఆడమనిషి ముందు ఏడాది తర్వాత కెమెరా పెట్టి అడుగుతారా? ఉద్యోగం, వీసా అయితే సరే.

గిరిజన కాలనీ చివరి ఇల్లు

నేను యానాదినే. బీఈడీ చేశా, ప్రైవేటు స్కూల్లో చెబుతున్నా. రెండో ఆలోచన గురించి రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

ఎలుకలు పట్టడం మాకు సిగ్గు కాదు. మా తాత పట్టాడు, నేను తిన్నాను. బొరియలో ఎలుక దాచుకున్న వడ్లు తవ్వి తెచ్చుకున్న రోజులు మా అమ్మకు గుర్తు. ఆ పని తెలిసినవాడు తక్కువ మనిషేమీ కాదు. మట్టి చూసి ఎలుక ఏ దారిన పారిపోతుందో చెప్పాలంటే అనుభవం కావాలి, ఆ అనుభవం రైతుకు అవసరం. అంతవరకూ బాగానే ఉంది.

కానీ అన్నా, మమ్మల్ని తీసిన ప్రతి వీడియో ఆ పొగకుండ దగ్గర మొదలై ఆ పొగకుండ దగ్గరే అయిపోతుంది. ఇప్పుడు మా కాలనీలో ఎక్కువమంది చేసేది రొయ్యల గుంటల కాపలా. గుంట గట్టు మీద రేకుల పాకలో పెళ్ళాం పిల్లలతో ఉంటారు. ముందు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. వెట్టి నిషేధ చట్టం వచ్చింది 1976లో. గుంట గట్టు మీద ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు. బాతుల మందల వెంట పోయిన పిల్లలు ఉన్నారు. ఆధార్ లేక రేషన్ కార్డు లేదు, పుట్టిన తేదీ కాగితం లేక ఆధార్ లేదు. కులం సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసులో నన్ను "నువ్వు యానాదిలా లేవే" అన్నారు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నానని. ఆయన మనసులో యానాది బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది? ఇలాంటి వీడియోల నుంచే కదా.

ఇంకో సంగతి. మన జిల్లా మైదాన ప్రాంతం, షెడ్యూల్డ్ ఏరియా లేదు. ఏజెన్సీలో గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టం ఇక్కడ పనిచేయదు. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నెల్లూరులో ఉంది, భూమికి రక్షణ లేదు. శ్రీహరికోటలో 1971లో మొదటి రాకెట్ లేచింది, అంతకు ముందు ఆ దీవిలో ఉన్నది మావాళ్ళే. బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో తెల్లదొరల కాలంలో నేరస్థ జాతుల సెటిల్మెంట్ పెట్టి మావాళ్ళని కాపలాలో ఉంచారు. ఆ నేరస్థ జాతుల చట్టం దేశమంతటా 1952లో పోయింది. అది పోవాలని తిరిగినవాళ్ళలో మన జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారు ఒకరు. వీటిలో ఒక్కటీ కెమెరాకు అందంగా కనపడదు, తెలుసు.

మీ పెద్దాయన ఒప్పుకుంటాడు, నాకు అనుమానం లేదు. ఊళ్ళో బాబు అడిగితే కాదనే అలవాటు ఆయన వయసువాళ్ళకు లేదు.

పెన్నాగట్టు

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివా. ఒక్క విషయం మాత్రం ఒప్పుకోలేను. ఆ పెద్దాయన నాతో చిన్నప్పటి నుంచీ మాట్లాడతాడు. "నా పని తీయరా, నా తర్వాత ఎవడికీ రాదు" అని ఆయనే అన్నాడు. అలవాటు కొద్దీ ఒప్పుకుంటాడు అంటే ఆయనకు సొంత ఇష్టం లేదన్నట్టేగా? పని తెలిసినవాడు తన పని చూపించుకోవాలనుకోవడం తప్పా?

రొయ్యల గుంటల మీద తీస్తే నేను ఆ ఊళ్ళో ఉండలేను, అది కూడా నిజం. గుంటలు మా చుట్టాలవే.

రీలు డబ్బా

నేను వయసులో పెద్దవాణ్ణి, ఒంగోలు. ఉద్యోగమంతా కెమెరా మోస్తూ గడిచింది. ఇద్దరూ బాగా రాశారు.

1922లో నానూక్ ఆఫ్ ద నార్త్ అని ఒక సినిమా వచ్చింది. కెనడా ఉత్తరాన మంచులో ఉండే ఇనూయిట్ల మీద రాబర్ట్ ఫ్లాహర్టీ తీశాడు. డాక్యుమెంటరీ పాఠం ఎక్కడ చెప్పినా దానితోనే మొదలుపెడతారు. అందులో నానూక్ అనే ఆయన అసలు పేరు అల్లకరియల్లక్. అప్పటికే వాళ్ళు తుపాకులతో వేటాడుతున్నారు, ఫ్లాహర్టీ ఈటెతో వేటాడమన్నాడు. మంచు ఇంట్లో వెలుతురు చాలక ఒక పక్క గోడ లేకుండా కట్టించాడు. కుటుంబం ఆ చలిలో నిద్రపోయినట్టు నటించింది. ప్రపంచం దాన్ని నిజమని చూసింది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది గోడ కాదు. ఆ మనుషులు ఇష్టపడే చేశారు, కష్టపడి చేశారు, తీసిన రీళ్ళు వేసి చూపిస్తే సంబరపడ్డారు. వాళ్ళ తాతల కాలం వేట చూపించాలని వాళ్ళకూ ఉంది. అంటే మీ పెద్దాయనకు ఇష్టం ఉండటమూ నిజమే, చూసేవాళ్ళు దాన్ని ఈనాటి యానాదుల బతుకంతా అదే అనుకోవడమూ నిజమే. రెండూ ఒకేసారి జరుగుతాయి. అందుకే "ఆయన ఒప్పుకున్నాడు" అనే మాటతో లెక్క తేలదు.

నా సలహా: పొగకుండ తీయి. తీసి, దాని పక్కనే ఈ మాస్టారిని పెట్టు. ఆయన ఆ వీడియోలు చూసి ఏమంటాడో ఆయన నోటితో రానీ. పెద్దాయన ఆయనకు జవాబు చెప్తాడా, చెప్పనీ. పదిహేను నిమిషాలకు అది చాలు. కొడుకు వయసువాడు, తండ్రి వయసువాడు ఒకే పని గురించి వాదించుకోవడం కంటే మంచి సన్నివేశం నీకు దొరకదు.

ఇంకొకటి, వ్యాఖ్యానం గొంతు వద్దు. మా చిన్నతనంలో సినిమాకు ముందు కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ రీలు తప్పకుండా వేసేవాళ్ళు. ఆ గొంతు అన్నీ తెలిసినట్టు మాట్లాడేది. 1948 నుంచి ఆ గొంతు విని విని, డాక్యుమెంటరీ అంటే అదే అనుకుంటున్నాం. మనుషులే మాట్లాడనీ. వాళ్ళ మాట నెల్లూరు యాసలో ఉంటే అలాగే ఉంచు, కింద రాత వేసుకో.

సూటిమాట

క్షమించాలి, నేను ఎదురు పాట పాడతా. ఇక్కడ ఇంకో రెండు రోజులు చర్చిస్తే ఈ అబ్బాయి కెమెరా అమ్మేసుకుంటాడు. వీళ్ళని అడుగు, వాళ్ళకి చూపించు, కులపెద్దల అనుమతి తీసుకో, చుట్టాలు బాధపడకుండా చూడు. అందరి అనుమతితో తీసేవి నాకు తెలుసు, పర్యాటక శాఖ ప్రకటనలు.

1992లో మన జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించినప్పుడు ఊరి పెద్దల్ని అడిగి మూయించారా? వాళ్ళను నడిపించిన రోశమ్మ గారు అందరినీ కూర్చోబెట్టి సంతకాలు తీసుకుని ఉంటే 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చేదే కాదు. సముదాయం అంటే ఒకే మాట మీద ఉన్న జనం అనుకుంటున్నారు మీరు. మందు అమ్మేవాడూ ఆ ఊరివాడే, కొట్టు మూయించినావిడా ఆ ఊరిదే. ఎవరి అనుమతి?

ఉప్పుగాలి

సూటిమాట గారూ, మీరన్నది మా తీరంలో సరిగ్గా సరిపోతుంది, కానీ మీరనుకున్న వైపు కాదు.

మేం పట్టపువాళ్ళం, మా నాయన చేపల వేటకు పోతాడు. ఇంట్లో మాట్లాడేది తమిళానికి దగ్గరగా ఉండే మాట, బయట తెలుగు. స్కూల్లో మమ్మల్ని అరవోళ్ళనేవాళ్ళు. కడలూరు, పాండిచ్చేరి వైపు నుంచి సోనాబోట్లనే పెద్ద మరబోట్లు వచ్చి మా వలలు తెంపేస్తే సముద్రంలో గొడవపడేది మాత్రం ఆ "అరవోళ్ళమే". గుర్తింపు మీద సినిమా కావాలంటే ఇది చాలదా?

ఒకసారి మా ఊరికి ఒక టీం వచ్చింది. మంచివాళ్ళే, మర్యాదగా కాపుల దగ్గరకు, అంటే మా ఊరి పెద్దల దగ్గరకు, పోయి అడిగారు. మా దగ్గర కాపుల మాట అంటే మాటే, వాళ్ళు దురాయి (కట్టుబాటు) వేస్తే ఎవరూ దాటరు. కాపులు ఒప్పుకున్నారు, కాపులే మాట్లాడారు. చేపలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే మా అమ్మ లాంటివాళ్ళు వెనకాల నడుస్తూ కనపడతారు, అంతే. సినిమా అయ్యాక "మత్స్యకార సముదాయం ఇలా అంటోంది" అని రాశారు. మా అమ్మ ఏమీ అనలేదు.

పెన్నాగట్టు తమ్ముడూ, ఇటు రావాలనుకుంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మగవాళ్ళంతా ఒడ్డునే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా మాట్లాడతారు. ఆడవాళ్ళకు మాత్రం అప్పుడు డబ్బు కటకట, ఆ మాట వాళ్ళే చెప్తారు.

గిత్తలరేవు

మా ఒంగోలు మీద ఎవరు ఏం తీసినా గిత్త లేకుండా వదలరు. మేము మనుషులం కూడా ఉన్నామండీ.

కందుకూరు సెంటర్

మా ఊరి పేరు తీసి ఎవరూ ముందుకు పోలేదు, అలవాటే. మా తాత నెల్లూరు జిల్లాలో పుట్టాడు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పెట్టారు. నెల్లూరు నుంచి మమ్మల్ని, కనిగిరిని, పొదిలిని, దర్శిని తీసుకున్నారు. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చాయి. 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. నేను ప్రకాశం జిల్లా వాణ్ణి. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ నెల్లూరులో కలిపారు, నా చిన్న కొడుకు నెల్లూరు జిల్లా వాడు. మూడు తరాలు, ఒకే ఇల్లు, ఒకే వేపచెట్టు.

ఒంగోలు మాకు దగ్గర, నెల్లూరు దాదాపు రెట్టింపు దూరం. నెల్లూరులో ఉన్నన్నాళ్ళూ కలెక్టరాఫీసులో చిన్న కాగితం పనికి పొద్దుటే బయల్దేరాల్సి వచ్చేది. మళ్ళీ ఒంగోలులోకే పంపమని అర్జీలు పెట్టీ పెట్టీ, 2025 డిసెంబరు చివర్లో తిరిగి ప్రకాశంలో కలిశాం.

తీసేవాడికి చెప్తున్నా, మా బస్టాండు దగ్గర నిలబడి బండ్ల నంబర్లు చూడు. పాతవి ఏపీ 27, అంటే ప్రకాశం. నెల్లూరుది ఏపీ 26. 2019 నుంచి ఏపీ 39తో మొదలుపెట్టి రాష్ట్రం మొత్తానికి ఒకే వరస, అవి ఏ జిల్లావో దేవుడికే తెలియాలి. షాపుల బోర్డుల మీద ప్రకాశం జిల్లా అని ఉన్నవి ఉన్నాయి, దాని మీద రంగేసి నెల్లూరు అని రాయించినవి ఉన్నాయి, "మళ్ళీ మారుతుందేమో" అని జిల్లా పేరు రాయడం మానేసినవాళ్ళూ ఉన్నారు. పెయింటర్‌ని పట్టుకుంటే సగం సినిమా అయిపోతుంది.

గిత్తలరేవు

1904లో గుంటూరు జిల్లా పెట్టేదాకా ఒంగోలు కూడా నెల్లూరు జిల్లానే సార్. ఆ లెక్కన మేమూ మీ పాత చుట్టాలమే. గుడ్లూరు వాళ్ళు ఎర్రన మావాడంటారు, అద్దంకి వాళ్ళు మా రెడ్డిరాజు కొలువులో రాశాడు కాబట్టి మావాడంటారు. ఆయన్ని అడిగితే పాకనాడు అనేవాడు, ఏ కలెక్టరాఫీసుకూ వెళ్ళేవాడు కాదు.

బెంగళూరులో నెల్లూరోడు

కందుకూరు ఐడియా సూపర్. నేనైతే దానికి పది వేలు ఇస్తా. ఒక్క రిక్వెస్టు, మైపాడు బీచ్, చేపల పులుసు, పెన్న మీద సూర్యాస్తమయం కూడా పెట్టండి. ఇక్కడ ఆఫీసులో చూపించుకోవాలి.

దర్గామిట్ట అమ్మాయి

పులుసు పెట్టడానికి ఇది హోటల్ మెనూ కాదు బ్రదర్ 😄 పది వేలు మాత్రం తీసుకోండి పెన్నాగట్టు గారూ.

నిర్వాహకులు

రెండు కామెంట్లు తీసేశాం. ఏ కులం ఏం తింటుందో ఎగతాళి చేయడానికి ఈ వేదిక కాదు. చర్చ కొనసాగించండి.

మార్కాపురం పలక

మా పడమటి వైపు ఒక్కరూ చూడట్లేదు. పలకలు రాసి చదువుకున్న తరమంతా మా ఊరికి బాకీ. ఆ రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోయిన పనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. "పలకల ఊరు" అని గర్వంగా చెప్పుకునేవాళ్ళు ఒక వీధిలో, దగ్గుతూ కూర్చున్నవాళ్ళు ఇంకో వీధిలో.

అలాగే దోర్నాల, యర్రగొండపాలెం దాటి చెంచుగూడేలకు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. అది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా లోపల షూటింగ్ చేస్తే కెమెరా మీది కాదు. అనుమతి అడిగితే చెంచుల మీద సినిమాకు పులి ఫొటోలు కూడా పెట్టమంటారు, అది వేరే కథ.

పెన్నాగట్టు

ఇన్ని ఆలోచనలు వచ్చాయి, థాంక్స్. రీలు డబ్బా సార్, మీరు చెప్పిన ఇద్దరి వాదన నాకు బాగా పట్టింది. మాస్టారన్నా, మీరు కెమెరా ముందుకు వస్తారా? ఇంకో సందేహం, డబ్బు ఇవ్వాలా? ఇస్తే నాకు కావాల్సింది మాట్లాడతారని, ఇవ్వకూడదని ఒక వర్క్‌షాప్‌లో చెప్పారు.

గిరిజన కాలనీ చివరి ఇల్లు

వర్క్‌షాప్ చెప్పినాయన జీతం మీద ఉన్నాడు కాబట్టి అలా చెప్పాడు. మీరు ఒక రోజు పెద్దాయనతో తిరిగితే ఆయనకు ఆ రోజు కూలి పోతుంది. ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలగాలిగా. కెమెరాకు అద్దె ఇస్తారు, మైకుకు ఇస్తారు, మనిషికి మాత్రం ఇస్తే నిజం పాడవుతుందా?

నేను వస్తాను. నాకు మూడు షరతులున్నాయి, బేరం లేదు. మొదటిసారి వచ్చినప్పుడు కెమెరా తేవద్దు. నా మాటలు కత్తిరించాక నాకు చూపించాలి. బాగోలేదని నేను అడ్డుపడను, నేను అన్న దానికి ఉల్టా అర్థం వస్తే మాత్రం చెప్తాను. పూర్తయ్యాక ముందు మా కాలనీలో వేయాలి. స్కూలు గోడకు తెల్లసున్నం ఉంది, ప్రొజెక్టర్ నేను చూసుకుంటా. ఫెస్టివల్ తర్వాత సంగతి.

గుంటలు మీ చుట్టాలవని మీరే చెప్పారు కదా, ఆ మాట కూడా సినిమాలో చెప్పండి. మీరెవరో తెలియకుండా మేమెవరమో చెప్పడం కుదరదు.

రీలు డబ్బా

కూలి ఇవ్వు. పోయిన పనికి, పోయిన సమయానికి ఎంతవుతుందో అంత, మాట్లాడక ముందే, ఏం మాట్లాడినా అంతే. చెప్పిన మాట బాగుందని ఎక్కువ ఇవ్వకు, అప్పుడే చెడేది. ఇచ్చావని చివర్లో రాసెయ్, గొడవ ఉండదు.

ఫెస్టివల్స్ అడిగావు. తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ వాళ్ళు 2008 నుంచి డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిల్ములకు ప్రత్యేకంగా ఒకటి జరుపుతున్నారు, విద్యార్థులు, కొత్తవాళ్ళు బాగా కనపడతారు. ముంబైలో రెండేళ్ళకోసారి జరిగే డాక్యుమెంటరీ ఫెస్టివల్ 1990 నుంచి ఉంది. ఫెస్టివల్‌లో ప్రదర్శించడానికి సెన్సార్ నుంచి మినహాయింపు ఉంటుంది, దాన్ని నిర్వాహకులే కేంద్రం నుంచి తెచ్చుకుంటారు. టిక్కెట్టు పెట్టి హాల్లో వేస్తే మాత్రం సర్టిఫికెట్ కావాలి. నిడివి గురించి టెన్షన్ వద్దు, ఆస్కార్ వాళ్ళ లెక్కలో కూడా టైటిళ్ళతో కలిపి నలభై నిమిషాల లోపుదే షార్ట్. పదిహేను అన్నావు, పన్నెండుకు తగ్గినా మంచిదే.

సినిమా పాట వెనకాల పెట్టకు, యూట్యూబ్ వాడు తీసేస్తాడు. కాలనీలో ఎవరైనా పాడితే రికార్డు చెయ్యి, పాడినవాళ్ళ పేరు వాళ్ళు ఒప్పుకుంటేనే వెయ్యి. బొమ్మ వణికినా చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. పొలంలో గాలికి కాలర్ మైకు చొక్కా లోపల పెట్టి, దాని మీద వెంట్రుకల తొడుగు వెయ్యి.

సూటిమాట

తీసినదాన్ని చూపించి మార్చుకోవడం నేను ఇప్పటికీ ఒప్పుకోను. మాస్టారు ఇవాళ చెప్పిన మాట రేపు ఆయనకే ఇబ్బంది అనిపించొచ్చు. అసలు సినిమా ఆ మాటలోనే ఉంటే? తీసేస్తారా?

గిరిజన కాలనీ చివరి ఇల్లు

తీసేయాల్సిందే. ఆ మాట వల్ల ఉద్యోగం పోతే పోయేది నాది, మీది కాదు.

సూటిమాట

అప్పుడది మీ సినిమా, ఆ అబ్బాయిది కాదు.

గిరిజన కాలనీ చివరి ఇల్లు

అలా అయితే మరీ మంచిది. మా కాలనీలో ఇంటర్ చదివే పిల్లలకు ఫోన్లు ఉన్నాయి, రీల్స్ నాకంటే బాగా తీస్తారు. ఒక మైకు వాళ్ళకివ్వండి, వాళ్ళు ఏం తీస్తారో చూద్దాం. పొగకుండ తీస్తారో లేదో నాకూ తెలియదు.

ఉప్పుగాలి

మాస్టారూ, ఆ పిల్లల్లో ఆడపిల్లలు ఉంటారా?

గిరిజన కాలనీ చివరి ఇల్లు

ముగ్గురున్నారక్కా. ఎడిటింగ్ నేర్పేవాళ్ళే లేరు.

పెన్నాగట్టు

ఎడిటింగ్ నేను నేర్పుతా. ఫోన్లోనే చేయొచ్చు, లాప్‌టాప్ అక్కర్లేదు. పెద్దాయనతో నాది నేను తీస్తా, పిల్లలది పిల్లలు తీస్తారు, రెండూ పక్కపక్కనే వేద్దాం. కందుకూరు సార్, మీ పెయింటర్‌ని మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, దాని తర్వాత అక్కడికే వస్తా. మాస్టారన్నా, ఈ ఆదివారం కెమెరా లేకుండా రానా?

గిరిజన కాలనీ చివరి ఇల్లు

ఆదివారం పొద్దున సగం మంది చర్చిలో ఉంటారు, మధ్యాహ్నం రెండు దాటాక రండి. పెద్దాయనకు తమలపాకులు తెస్తే సంతోషిస్తాడు. వక్కలు మెత్తవి చూసి తీసుకోండి, ఆయనకు పళ్ళు లేవు.

బెంగళూరులో నెల్లూరోడు

పది వేలు ఎవరికి పంపాలి, చెప్పండి. పులుసు మాట వెనక్కి తీసుకున్నా.